ఇస్తారి అడిగి తీసుకున్న కాయితం

అలియాబాదులో ప్రతాపరెడ్డి పటేలు దగ్గర ఆ రోజుల్లో ముగ్గురు జీతగాళ్ళుండేవారు. ముగ్గురిలో పెద్ద జీతగాడు ఇస్తారి. వయసుకు చూస్తే రెండో జీతగాడు గాలయ్యే నాలుగేళ్ళు పెద్ద, కానీ ఇస్తారి పెద్దరికం వయసుది కాదు, నాగలిది. మిరుగం, అంటే మృగశిర కార్తెలో వాన పడి ఏరువాక సాగే రోజున పటేలు చెలకలో మొదటి నాగలి అతనే కట్టాలి. మొదటి సాలు అతనే తీయాలి. తక్కిన నాగళ్ళు అతని వెనక వరసగా నడవాలి. ఆ పొద్దున పటేలు తన చేత్తో అతనికి తలకు చుట్టుకునే ఎర్ర రుమాలు ఇస్తాడు. పదకొండేళ్ళలో పదకొండు రుమాళ్ళు వచ్చాయి. చిరిగి పీలికలైనవాటిని కూడా భార్య గంగమ్మను పారేయనిచ్చేవాడు కాదు. ఆమె ఒకసారి అందులో ఒకటి చించి మసిగుడ్డ చేసుకుంటే రెండు రోజులు తిండి మానేశాడు. మూడో రోజు ఆకలేసి తిన్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఆ నాగలి అతని చేతికొచ్చిన తీరు మాత్రం సంతోషంగా చెప్పుకునేది కాదు. ఇస్తారి పెళ్ళికని వాళ్ళ నాయిన పటేలు దగ్గర అప్పు తెచ్చి, దాని కింద జీతానికి కుదిరాడు. అప్పు తీరకముందే కన్ను మూశాడు. పోయిన మూడోనాడు ఇస్తారి ఆయన గొంగడి భుజాన వేసుకుని, ఆయన నాగలి పట్టుకుని చెలకకు పోయాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. కాయితం లేదు, సాక్షి లేడు. ఇంకా ఎన్నేళ్ళు చేయాలో పటేలు చెప్పలేదు, ఇస్తారి అడగలేదు. పూటకింత గటక, ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు, అదీ జీతం. ఉండడానికి పశువుల కొట్టం వెనక పటేలు జాగాలోనే ఒక గుడిసె. జీతం మానిన నాడు గుడిసె కూడా ఖాళీ చేయాల్సిందే.

గంగమ్మది దేవరయాంజాల్. ఆమెకు ఉన్నది ఒక్కటే కోరిక, తమది అని చెప్పుకునే గుడిసె. ఆమె అన్న సిద్దయ్య తన ఇంటి వెనక కొంత జాగా చెల్లెలికి వదిలిపెట్టాడు. గుడిసె కప్పంతా మోసే నడిమి గుంజ కోసం, అంటే నిట్టాడు కోసం, మంచి మద్ది దుంగ ఒకటి చెక్కించి గోడకు ఆనించి ఉంచాడు. ఆ దుంగ అలా ఆనుకుని నాలుగేళ్ళయింది. నిట్టాడును ఇంటాయన తన చేత్తోనే నిలబెట్టాలి, అది వాళ్ళ ఆనవాయితీ. ఇంటాయన వచ్చేదాకా దుంగను ఎవరూ ముట్టుకోలేదు.

"ఎన్నడు వోదామయ్యా?" అని గంగమ్మ ప్రతి ఏడూ అడిగేది.

"పోదాం తియ్యి. గీ మిరుగం దాటనియ్యి" అనేవాడు ఇస్తారి.

నాయిన అప్పు అడ్డమన్నది నిజమే. దానికన్నా పెద్ద అడ్డం ఇంకొకటుంది, దాన్ని అతను భార్యకు కూడా చెప్పలేదు. దేవరయాంజాల్లో అతనికి మొదటి నాగలి ఎవరిస్తారు?

ఓర్వలేనితనం అతనికి పుట్టుకతోనే వచ్చింది. పక్కవాడి ఎద్దు మెడలో గంట కాస్త గట్టిగా మోగితే ఆ పూట అతనికి గటక గొంతు దిగదు. పటేలు భార్య రాధమ్మ ఒకనాడు గాలయ్య గటకలో ఉల్లిగడ్డ ఒకటి ఎక్కువ వేసిందని కనిపెట్టి, వారం రోజులు గాలయ్యతో మాటలు మానేశాడు. గాలయ్య ఉత్త అమాయకుడు. ఇస్తారికి పన్ను నొప్పి పుట్టిందేమో అనుకుని, రాధమ్మను బతిమాలి ఒక లవంగం తెచ్చిచ్చాడు. ఇస్తారి ఆ లవంగం దవడన పెట్టుకుని, ఆ మంటలోనే ఉల్లిగడ్డను తలుచుకున్నాడు.

ఇలా ఉల్లిగడ్డలతోనూ ఎద్దు గంటలతోనూ బతుకు గడిచిపోతుండగా, పందొమ్మిది వందల నలభై నాలుగు ఉగాదికి సాలోమోను వచ్చాడు.

సాలోమోను మేడ్చల్ వైపు మనిషి. చర్చి బడిలో నాలుగు తరగతులు చదివాడు. భార్య ఏసమ్మతో, నెత్తిన ఒక మూటతో వచ్చి పటేలు అరుగు కింద నిలబడ్డాడు. యుద్ధం నడుస్తున్న రోజులు, వయసు మగవాళ్ళంతా పట్నం కార్ఖానాలకు ఎగబడుతున్నారు, ఊళ్ళో జీతగాడు దొరకడం కష్టమైంది. ఆ సంగతి పటేలుకూ తెలుసు, సాలోమోనుకూ తెలుసు.

"కాయితం రాసిస్తేనే ఉంట పటేలా" అన్నాడు సాలోమోను. "జీతగాండ్ల కోసమని సర్కారు కానూను దెచ్చిందంట. మా పాస్టరయ్య జెప్పిండు."

ఆ గడపలో అలాంటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు. పశువులకు కుడితి పెడుతున్న ఇస్తారి విని, పటేలు ఇప్పుడు చెప్పు తీస్తాడని ఆశగా ఎదురుచూశాడు. పటేలు చెప్పు తీయలేదు. పట్వారిని పిలిపించి స్టాంపు కాయితం మీద ఉర్దూలో రాయించి, నకలొకటి సాలోమోను చేతికిచ్చాడు.

సాలోమోనుకు తెలుగు అక్షరాలే వచ్చు. మేడ్చల్ స్టేషనుకు జట్కా తోలే షుకూర్ ఉర్దూ చదవగలడని తెలిసి అతని దగ్గరికి పోయాడు. షుకూర్ గుర్రానికి గడ్డి వేసి, చేతులు తుడుచుకుని, నలుగురూ వినేలా చదివాడు. ఉగాది నుంచి ఉగాది దాకా ఒక్క ఏడాది. నెలకు ఇన్ని జొన్నలు. మిరుగం లోపల గొంగడి, చెప్పులు. ఏడాది నిండగానే మనిషి తన దారిన తాను పోవచ్చు, ఆ తర్వాత ఏ బాకీ ఉండదు.

"బస్, గంతే" అన్నాడు షుకూర్ మడత పెడుతూ. "రాసినట్టు ఇయ్యకుంటే సీదా తహసీలుకు పోవచ్చు. పక్కా కాయితం ఇది."

సాలోమోను దాన్ని చుట్టగా చుట్టి వెదురు గొట్టంలో పెట్టి, బిరడా బిగించి, గుడిసె చూరుకు వేలాడదీశాడు. ఇస్తారి గుడిసె దానికి ఎదురుగానే ఉంది. పొద్దున లేచి గడప దాటితే కంటికి మొదట కనిపించేది ఆ గొట్టమే. గాలికి అటూ ఇటూ ఊగుతూ అది తననే చూసి వెక్కిరిస్తున్నట్టుండేది. పదకొండేళ్ళ నుంచి ఎముకలు అరగదీస్తున్నవాడికి లేని కాయితం నిన్నగాక మొన్న వచ్చినవాడికా? కడుపులో ఎవరో మిరపకాయలు నూరుతున్నట్టుంది ఇస్తారికి.

మిరుగానికి వారం ముందే సాలోమోనుకు కొత్త గొంగడి, కొత్త చెప్పులు వచ్చాయి. కాయితంలో ఉంది గనక వచ్చాయి. ఇస్తారి గొంగడి కప్పుకుని పడుకుంటే చుక్కలు లెక్కపెట్టవచ్చు, చెప్పుల మడమలు ఎప్పుడో నేలలో కలిసిపోయాయి. పటేలుకు గుర్తుకొచ్చినప్పుడు ఇస్తాడు, గుర్తుకు రాకపోతే లేదు. దీన్నిబట్టి బుద్ధున్నవాడు ఏం తెలుసుకోవాలి? కాయితం ఉంటే అడిగే హక్కుంటుందని తెలుసుకోవాలి. మన ఇస్తారి తెలుసుకున్నది ఏమిటంటే, పటేలుకు సాలోమోను మీద ప్రేమ పుట్టిందని.

ఏరువాక నాడు పన్నెండో రుమాలు అందుకుని, తలకు చుట్టి, ఎడ్లను తోలుకుని చెలకకు బయలుదేరాడు. ఆ నడక కోసమే అతను ఏడాదంతా బతికేది. ఊరి ఆడవాళ్ళు గడపల్లో నిలబడి చూస్తారు. ఈసారి మాత్రం వెనకాల సాలోమోను కొత్త చెప్పులు కిర్రు కిర్రుమంటూ వస్తున్నాయి. గడపల్లో ఉన్నవాళ్ళ కళ్ళు ఎర్ర రుమాలు మీద ఒక్క క్షణం ఆగి చెప్పుల మీదికి జారిపోయాయి. దున్నేటప్పుడు సాలోమోను వాటిని విప్పి గట్టు మీద పెట్టాడు. ఇస్తారి సాలు చివరికి వచ్చిన ప్రతిసారీ ఆ చెప్పులు కనిపించాయి. ఆ రోజు అతని సాలు వంకర పోయింది, పదకొండేళ్ళలో ఎన్నడూ పోనిది.

"నువ్వు గూడ షుకూర్ భాయిని అడుగరాదు" అంది గంగమ్మ ఆ మాపటేళ, సంగతి గ్రహించి. "గా కానూనేందో, మనకు గూడ వర్తిస్తదో లేదో ఎరకయితది. ఎరకైతే మనం దేవరయాంజాల్ వోవచ్చు గద."

"వాడు వోయిన తొవ్వలనే నేను గూడ వోవాల్నా? వాని ఎనుక నిలవడి అడగాల్నా?" అని కసిరాడు ఇస్తారి.

అడిగి ఉంటే షుకూర్ చెప్పేవాడు. మేడ్చల్ తహసీలు మెట్ల దగ్గర జట్కా ఆపుకుని ఎన్నోసార్లు విన్న సంగతే అది. అయితే సాలోమోను ముందు అడిగిన మనిషిని తాను తర్వాత అడగడం ఇస్తారి వల్ల అయ్యే పని కాదు.

వానాకాలమంతా ఆ గొట్టం ఊగుతూనే ఉంది. ఊరికి కొత్తవాళ్ళెవరొచ్చినా "ఏదీ, నీ కాయితం జూపియ్యి" అని సాలోమోనును అడిగేవారు. గంగమ్మ సైతం ఒకసారి ఏసమ్మతో కలిసి గొట్టం కింద చెదపురుగులు చేరకుండా పొగ వేసి వచ్చింది. ఇస్తారి ఆ రోజు ఆమె చేతిలో కూడు తినలేదు. తన పెళ్ళాం తన రుమాళ్ళకు ఏనాడైనా పొగ వేసిందా?

దసరా వచ్చింది. జమ్మి ఆకు పటేలు చేతిలో పెట్టి దండం పెట్టాక, ఇస్తారి కదలకుండా నిలబడ్డాడు. పక్కనే గాలయ్య ఉన్నాడు. సాలోమోనుకు అది పండగ కాదు గనక గుడిసె దగ్గరే ఉన్నాడు.

"ఏం రా ఇస్తారీ?" అన్నాడు పటేలు.

"నాకు గూడ కాయితం గావాలె పటేలా."

పటేలు అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు. "నీకెందుకు రా కాయితం? వాడంటే బయటోడు. నీకూ నాకూ నడుమ కాయితమేంది?"

ఈ మాటతో ఇస్తారికి ఇంకా మండింది. "బయటోనికి ఇచ్చినవ్. ఇంట్లోన్ని నాకియ్యవా? పన్నెండు మిరుగాలు మొదటి నాగలి గట్టిన. వాని కాయితంకన్న పెద్ద కాయితం గావాలె నాకు."

"ఇగ నీ ఇష్టం రా. నువ్వింత అడిగినంక కాదంటనా?" అన్నాడు పటేలు, ఒక పెద్ద వరం ఇస్తున్నవాడిలా. లోపలికి పోయి పెట్టె తెరిచి స్టాంపు కాయితాలు రెండు తెచ్చాడు. పండగపూట స్టాంపు కాయితాలు ఇంట్లో ముందుగానే ఎందుకున్నాయి, అవి రెండే ఎందుకున్నాయి అన్న అనుమానం ఇస్తారికి రాలేదు. కంటికి ఆ కాయితం తెలుపు తప్ప ఇంకేమీ కనపడలేదు. పట్వారి కూడా జమ్మి పేరుతో అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు, రెండింటి మీదా ఉర్దూలో ఏదో గబగబా రాసేశాడు.

"గాలయ్యా, నువ్వు గూడ ఏలు పెట్టు" అన్నాడు పటేలు రెండో కాయితం ముందుకు జరుపుతూ.

గాలయ్య వేలు చాపబోయాడు. ఇస్తారి చప్పున ఆ చేతికి అడ్డం వచ్చాడు. వెనక నాగలి గాలయ్యకు కూడా కాయితం ఉంటే తన కాయితానికి విలువేముంది?

"గాలయ్యకిస్తే నాకొద్దు పటేలా" అన్నాడు గట్టిగా. "ఎనుక నాగలోనికి కాయితమేంది? రేపు కుక్కలకు గూడ ఇస్తరా?"

గాలయ్య వేలు వెనక్కి తీసుకున్నాడు. "నిజమే పటేలా. నాకేంటికి? దాసుకునేటందుకు నాకాడ గొట్టం గూడ లేదు" అన్నాడు నవ్వుతూ. పటేలు మొహం చిట్లించాడు గాని, చేతికొచ్చిన చేపను ముందు బుట్టలో వేసుకోవాలి కదా. గాలయ్య సంగతి తర్వాత చూసుకోవచ్చని ఇస్తారి బొటనవేలికి సిరా పూశాడు.

ఇస్తారి కాయితం పట్టుకుని ఊరంతా తిరిగాడు. జట్కా దగ్గర షుకూర్ పిలిచాడు. "ఇస్తారి భాయ్, ఇటు దే. ఏం రాసిండ్రో సదివి జెప్త."

"నాది సదివిచ్చుకునే అవసరం లేదు" అన్నాడు ఇస్తారి. "నా పటేలు మీద నాకు నమ్మకముంది. సదివిచ్చుకునుడు బయటోళ్ళ పని." ఆ మాట సాలోమోను గుడిసె దాకా వినిపించాలని కాస్త గొంతు పెంచాడు.

పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులు ఇస్తారికి కంటి నిండా నిద్ర పట్టింది. ఎద్దు గంటలు వినపడలేదు, ఉల్లిగడ్డలు కనపడలేదు. కాయితం తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. వెదురు గొట్టం లేదన్న ఒక్క లోటు తప్ప.

పదహారో నాడు మేడ్చల్ తహసీలు నుంచి, ఊళ్ళు తనిఖీ చేసే గిర్దావర్ షఫీయుద్దీన్ గుర్రం మీద వచ్చి చావిడిలో కూర్చున్నాడు. జీతగాళ్ళంతా రావాలని కబురు చేశాడు. ఆడవాళ్ళు చావిడి గోడ పక్కన గుమిగూడారు. పటేలు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, కుదురుగా మాత్రం కూర్చోలేకపోయాడు.

"కాయితం ఉన్నోళ్ళు ఇటు, లేనోళ్ళు అటు నిలవడుండ్రి" అన్నాడు గిర్దావర్.

సాలోమోను గొట్టం పట్టుకుని ఇటు వచ్చాడు. ఇస్తారి కాయితం పైకెత్తి పట్టుకుని, సాలోమోను కంటే ఒక అడుగు ముందు నిలబడ్డాడు. అటువైపు గాలయ్య, అతనితో పాటు వేరే పటేళ్ళ జీతగాళ్ళు ఆరేడుగురు తలలు వంచుకుని నిలబడ్డారు. పాపం, వాళ్ళకిప్పుడు తిట్లు పడతాయని ఇస్తారి లోలోపల మురిసిపోయాడు.

గిర్దావర్ గాలయ్యను ముందుకు పిలిచాడు. "కాయితం లేదా?"

"లేదు సాబ్. తప్పయింది" అన్నాడు గాలయ్య చేతులు జోడించి.

"నీ తప్పేం లేదు. కాయితం లేని కరారు సర్కారు ముంగట చెల్లది. బాపు బాకీ కొడుకు మీద పడది. ఇయ్యాల్టి సంది నీకూ పటేలుకూ ఏం లేదు. ఖుషీ ఉంటే కొత్తగ మాట్లాడుకో, లేకుంటే నీ తొవ్వ నువ్వు వట్టుకో." పటేలు వైపు తిరిగి, "పంట ఇంటికొచ్చేదాంక గుడిసెల ఉండనియ్యుండ్రి పటేల్ సాబ్, జల్దీ జేసి ఎల్లగొట్టొద్దు" అన్నాడు.

గాలయ్యకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. అర్థమయ్యాక అక్కడే కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తండ్రి బాకీ కింద ఇరవై ఏళ్ళు వెనక నాగలి పట్టిన మనిషి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఇస్తారి చేతిలో కాయితం మెల్లగా కిందికి దిగింది.

గిర్దావర్ సాలోమోను కాయితం చూసి, ఉగాది దాకా అని చెప్పి తిరిగిచ్చాడు. ఇస్తారిది చదువుతూ మధ్యలో ఆగాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. "ఇది పదిహేను దినాల కిందటి కాయితం. వచ్చే దసరా దాంక ఉంది, నువ్వు పైసలు తీస్కున్నట్టు రాసుంది. నువ్వు పన్నెండేండ్ల సంది ఈడనే ఉన్నవ్ గదా?"

"ఉన్న సాబ్."

"మీ నాయిన బాకీనే గిండ్ల ఎక్కిచ్చిండ్రా? గట్లయితే గిది గూడ చెల్లది. కొత్తగ ఏమన్న తీస్కున్నవా, లేదా? నువ్వు సాఫ్ సీదా చెప్పు. ఇప్పుడే కొట్టేస్త."

పటేలు దగ్గాడు. చావిడంతా ఇస్తారి నోటివైపు చూసింది. ఇస్తారి కొత్తగా తీసుకున్నది చిల్లిగవ్వ లేదు. ఆ ఒక్క మాట చాలు, మద్ది దుంగ సాయంత్రానికల్లా నిలబడుతుంది.

"కొత్తగ తీస్కోకుంటే కాయితం ఎందుకు రాసిచ్చినవ్?" అన్నాడు గిర్దావర్.

అదీ చిక్కు. ఎందుకు రాసిచ్చాడో చెప్పాలి.

గోడ పక్కనుంచి గంగమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. "నేను జెప్త సాబ్! ఏం తీస్కోలే. గా సాలోమోను కాయితం జూసి మా ఆయనకు కండ్లు మండినయి. వానికుంది నాకు లేదని ఏడ్సి ఏడ్సి అడుక్కున్నడు. గంతే సాబ్!"

చావిడి పగలబడి నవ్వింది. పక్కూరి జీతగాళ్ళు నవ్వారు, గిర్దావర్ వెంట వచ్చిన జవాను నవ్వాడు, ఏడుస్తున్న గాలయ్య కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు. ఇస్తారి తల మీది రుమాలు కంటే మొహం ఎర్రబడింది.

"ఆమె మాట సాలది" అన్నాడు గిర్దావర్, తను నవ్వకుండా. "ఏలు పెట్టినోడు నువ్వు. నువ్వే ఒప్పుకోవాలె. ఆమె చెప్పింది నిజమేనా?"

ఇస్తారి పెదవి కదిలింది. నిజానికి కదిలింది, 'అవును' అనే మాట దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే సాలోమోను అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"చెప్పు అన్నా. ఏం గాదు. నిజం జెప్పు" అన్నాడు మెత్తగా.

మంచి మనసుతోనే అన్నాడు. ఇంకెవరన్నా ఆ మాట అని ఉంటే ఇస్తారి ఆ పూటే బయటపడేవాడు. కానీ సాలోమోను చెబితే తాను బయటపడడమా? ఆ చెయ్యి తన భుజం మీద, ఊరందరి ముందు?

ఆ చేతిని విదిలించుకున్నాడు. "అబద్ధం సాబ్. ఆడిదానికేం ఎరుక? నేను కొత్తగనే తీస్కున్న. నా ఖుషీతోని ఏలు వెట్టిన. పటేలు నన్ను పెద్దజేసి ఇచ్చిండు."

"సోంచ్ కే బోల్, ఆలోచన జేసి చెప్పు" అన్నాడు గిర్దావర్.

"సోంచే జెప్తున్న."

గిర్దావర్ కాయితం తిరిగి అతని చేతిలో పెట్టాడు. పటేలు అప్పుడు కుర్చీలో కుదురుగా కూర్చున్నాడు.

బయటికి రాగానే గాలయ్య అతని కాళ్ళ మీద పడ్డాడు. "నీ పున్నెం అన్నా. ఆ దినం నువ్వు అడ్డం వడకుంటే నేను గూడ ఏలు వెట్టేటోన్ని. నన్ను కాపాడనీకె గట్లన్నవని నాకిప్పుడు సమజైంది." లవంగం తెచ్చిచ్చిన గాలయ్య కదా, అతనికి అలాగే సమజవుతుంది. ఇస్తారి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. జీవితంలో మొదటిసారి గాలయ్యను చూసి అతనికి కడుపు మండింది. వెనక నాగలి గాలయ్యను చూసి!

గంగమ్మ ఇంట్లో తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పంట ఇంటికొచ్చేదాకా మాట్లాడకుండా వండిపెట్టి, ఆ తర్వాత ఒక పొద్దున మూట కట్టుకుంది.

"కాయితం నీ పేరు మీదుంది. నా పేరు మీద లేదు" అంది. "నేను దేవరయాంజాల్ వోతున్న. గుడిసె లేపుత. నీ ఏడాది నిండినంక రా."

రుమాళ్ళు మాత్రం మడతపెట్టి ఒక మూలన పెట్టి పోయింది.

గాలయ్య ఆమెతో పాటే ఆ ఊరు చేరాడు, సిద్దయ్య దగ్గర రోజుకూలికి. ఉగాదికి సాలోమోను ఏడాది నిండింది. అతను కూడా దేవరయాంజాల్ చుట్టుపక్కలే గుత్తపని దొరికిందని మూట నెత్తిన పెట్టుకున్నాడు. పోతూ పోతూ చూరుకున్న వెదురు గొట్టం విప్పి తెచ్చి ఇస్తారి ముందు పెట్టాడు.

"నాకు ఇగ పనిలేదు అన్నా. నీ కాయితం పెట్టుకో. తలగడ కిందుంటే చెదలు వడ్తది."

ఏడాది పాటు ఏ గొట్టాన్ని చూసి నిద్ర పోలేదో ఆ గొట్టం ఇస్తారి చేతికొచ్చింది. తీసుకున్నాడు. చూరుకు కట్టాడు. ఎదురు గుడిసెలో చూసేవాళ్ళెవరూ లేరు.

మళ్ళీ మిరుగం వచ్చింది, వాన పడింది. పటేలు పదమూడో రుమాలు ఇచ్చాడు. కాయితం ప్రకారం గొంగడి, చెప్పులు కూడా ఇచ్చాడు, ఇవ్వక తప్పలేదు. ఇస్తారి రుమాలు చుట్టి, చెప్పులు కిర్రుమనిపిస్తూ, ఎడ్లను తోలుకుని చెలకకు పోయాడు. నాగలి నేలకు దించి మొదటి సాలు తీశాడు. ఈసారి గీత గీసినట్టు వచ్చింది. సాలు చివర ఎడ్లను మలిపి, వెనక నాగళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో చూడడానికి అలవాటుగా తలెత్తాడు.

వెనక ఒక్క నాగలి కూడా లేదు. పటేలుకు కొత్త జీతగాళ్ళు దొరకలేదు. రోజుకూలీలు ఎండెక్కాక గాని రారు, వచ్చినా ఎవడికి చెప్పిన చెక్క వాడు దున్నుతాడు తప్ప ఎవరి వెనకా నడవడు. అంత పెద్ద చెలకలో ఒక్కటే సాలు, అతనిదే.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు గట్టు మీద గంగమ్మ కనిపించింది. ఏరువాక నాడు కూడు తీసుకుని అంత దూరం నడిచి వచ్చింది. తుమ్మచెట్టు నీడన గంప దించి, రొట్టె మీద ఉల్లిగడ్డ పెట్టి ఇచ్చింది.

"గుడిసె లేచింది" అంది. "నిన్ననే కప్పినం."

ఇస్తారి రొట్టె తుంచబోయి ఆగాడు. "నిట్టాడు?"

"నిలవెట్టినం. వానలు మొదలైనయి గద, నీకోసం ఇంకెన్నొద్దులు ఆపుదు?"

"ఎవలు నిలవెట్టిండ్రు?"

గంగమ్మ గంప మీది గుడ్డ సర్దింది. "గాలయ్య మొదలు వట్టిండు. సాలోమోను ఎత్తిండు" అంది.

"సక్కగ నిలవడ్డదా?"

"నిలవడ్డది."

ఇస్తారి తల మీది రుమాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. తన ఇంటి నడిమి గుంజ మీద ఇంకొకడి అరచేయి.

"నాకు కడుపు మండుతాంది గంగా" అన్నాడు. "వాన్ని జూస్తే మొదటి దినం సందే మండుతాంది. కాయితం జూసి మండింది, చెప్పులు జూసి మండింది. గందుకే అడుక్కున్న. ఏం తీస్కోలే నేను. ఒక్క పైస తీస్కోలే."

గంగమ్మ అతని వైపు చూసింది. గాలికి చెలక మీద తడిమట్టి వాసన వస్తోంది.

"గీ మాట ఆ దినం సావిట్ల అంటే అయిపోవు గదయ్యా" అంది. "నీ చేతితోనే నిలవెడ్తుంటివి."

ఆమె రొట్టె తుంచి అతని చేతిలో పెట్టింది. దసరాకు ఇంకా నాలుగు నెలలుంది.